ఔరంగజేబు తర్వాత మొఘలులు: రాబడి ఎప్పుడు పోయింది, పేరు ఎప్పుడు పోయింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గ్రూప్స్‌కి చదువుతున్నారు. పుస్తకంలో "బలహీనులైన వారసుల వల్ల మొఘల్ సామ్రాజ్యం పతనమైంది" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. వాళ్లు అంత చేతగానివాళ్లయితే 1707 నుంచి 1857 దాకా, అంటే 150 ఏళ్లు, గద్దె మీద ఎలా ఉండగలిగారు?

మీ అనుమానం సబబే. ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత.

పాదుషా చేతిలో రెండు వేర్వేరు బలాలు ఉండేవి. అవి రెండూ ఒకేసారి పోలేదు. సుబాల (రాష్ట్రాల్లాంటి పాలనా విభాగాల) నుంచి శిస్తు రాబట్టి సైన్యానికి జీతాలివ్వగలగడం మొదటిది. ఇది 1707–1750 మధ్య పోయింది. దేశంలో ఎవరి అధికారమైనా చెల్లాలంటే కాగితం మీద, నాణెం మీద పాదుషా పేరు ఉండాలన్న ఆనవాయితీ రెండోది. ఇది దాదాపు 1857 దాకా నడిచింది. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండు తేదీల మధ్య ఉన్న వందేళ్లలోనే ఉంది. ఇక వారసుల బలహీనత అబద్ధమేం కాదు. కాకపోతే అది చాలావరకు ఫలితం, దాన్ని కారణంగా చెప్పడం తలకిందుల లెక్క.

అసలు చిక్కు జాగీరుల దగ్గర మొదలైంది. దీన్ని అంకెల్లో చూస్తే తప్ప అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మన్సబుదారుకి, అంటే పాదుషా కొలువులో హోదా (మన్సబు) ఉన్నవాడికి, రెండు అంకెలు ఇచ్చేవారు: జాత్, సవార్. జాత్ అతని హోదా, సొంత జీతం. సవార్ అతను ఎందరు రౌతులను పోషించాలన్న లెక్క. కొందరికి రొక్కం ఇచ్చేవారు గాని, ఎక్కువమందికి జీతం బదులు జాగీరు రాసిచ్చేవారు. జాగీరు అంటే భూమి సొంతం కాదు, అందులో రాసిన పరగణాల (కొన్ని ఊళ్లు కలిసిన విభాగాల) శిస్తు వసూలు చేసుకునే హక్కు మాత్రమే. అదీ మూడు నాలుగేళ్లకోసారి మారిపోయేది. లెక్కంతా దాముల్లో ఉండేది. 40 దాములు ఒక రూపాయి. ఒక సవారుకి ఏడాదికి 8,000 దాములు, అంటే 200 రూపాయలు. కాబట్టి 1,000 సవార్ హోదా ఉన్నవాడికి ఆ పద్దు కింద 80 లక్షల దాముల పరగణాలు, అంటే 2 లక్షల రూపాయల రాబడి, రాసివ్వాలి.

ఇక్కడే మెలిక. ఆ 2 లక్షలు 'జమా', అంటే దస్త్రంలో వేసిన అంచనా. చేతికొచ్చేది 'హాసిల్'. షాజహాన్ కాలానికే ఈ రెంటికీ పొంతన లేదని సర్కారే ఒప్పుకుని, జాగీరులను నెలల్లో కొలవడం మొదలుపెట్టింది. పన్నెండు నెలల జాగీరంటే పూర్తి రాబడి. ఆరు నెలలదంటే సగం. దక్కనులో అంతకన్నా తక్కువవి కూడా ఉండేవి. మన ఉదాహరణలో ఆరు నెలల జాగీరు దొరికినవాడికి ముట్టేది 1 లక్ష. దానికి తగ్గట్టు బాధ్యతా తగ్గించారు: జాగీరున్న సుబాలోనే కొలువుంటే సవార్ అంకెలో మూడో వంతు, వేరే చోటైతే నాలుగో వంతు రౌతులను చూపిస్తే చాలు. నెలలు తగ్గేకొద్దీ గుర్రాల లెక్కా తగ్గేది. అంటే కాగితం మీద 1,000 అని ఉన్నచోట మైదానంలో 333 మందో, 250 మందో. ఔరంగజేబు చివరి రోజుల్లో తనిఖీ సడలిపోయాక ఆ సంఖ్య కూడా నమ్మకం కాదు.

ఇప్పుడు దక్కను సంగతి. ఔరంగజేబు 1681లో ఉత్తరాది వదిలి బయల్దేరాడు, మళ్లీ వెనక్కి వెళ్లలేదు. 1686లో బీజాపూరు, 1687 సెప్టెంబరులో గోల్కొండ పడ్డాయి. గోల్కొండ ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది, చివరికి లోపలివాళ్లే తలుపు తీశారు. గెలిచాక ఓడినవాళ్ల సర్దారులను ఊరికే వదల్లేరు కదా, మన్సబులిచ్చి కొలువులో పెట్టుకున్నారు. మరాఠా సర్దారులను లాక్కోవడానికీ అదే ఎర. చరిత్రకారులు పేరుపేరునా వేసిన లెక్క ప్రకారం 1,000 జాత్, ఆపైన ఉన్న మన్సబుదారులు 1658–78 మధ్య 486 మంది. 1679–1707 మధ్య 575 మంది. ఇందులో దక్కనీలు 58 నుంచి 160కి పెరిగారు. పెరిగిన వాటా అంతా కొత్తగా వచ్చినవాళ్లది. పాత ఖానాజాదుల (తరతరాలుగా మొఘల్ కొలువులో ఉన్న కుటుంబాలవాళ్ల) కడుపు ఎక్కడ మండిందో చెప్పనక్కర్లేదు.

మరి కొత్త రాజ్యాలు గెలిచారు కదా, ఆ భూములు పంచొచ్చు కదా అంటారేమో. పంచలేదు. గోల్కొండ రాజ్యంలో మంచి రాబడి ఉన్న పరగణాలను చాలావరకు ఖాలిసాలో, అంటే నేరుగా సర్కారు ఖజానా కింద ఉంచేసి, ఆ డబ్బును మరాఠాలతో యుద్ధానికి మళ్లించారు. మిగతా దక్కను దండయాత్రల్లో నలిగిపోయింది. పంచడానికి మిగిలిన భూమిని 'పాయిబాకీ' అనేవారు. అది ఎండిపోయింది. మన్సబు ఫర్మానా చేతిలో పెట్టుకుని జాగీరు కోసం ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు తయారయ్యారు. ఔరంగజేబే ఈ పరిస్థితిని "యక్ అనార్, సద్ బీమార్" అన్నాడంటారు: ఒక్క దానిమ్మపండు, నూరుగురు రోగులు.

ఎన్నాళ్లుంటుందో తెలియని జాగీరు దొరికినవాడు ఏం చేస్తాడు? చేతికందిన ఏడాదిలోనే పిండుకుంటాడు, లేదా ఇజారాకి (శిస్తు వసూలు గుత్తకు) ఇచ్చేసి రొక్కం ముందే పుచ్చుకుంటాడు. ఇజారాదారు ఇంకా గట్టిగా పిండుతాడు. రైతు ఊరు వదిలిపోతాడు, లేదా స్థానిక జమీందారు అండ చూసుకుని ఎదురు తిరుగుతాడు. ఆగ్రా–మధుర చుట్టూ జాట్లు, పంజాబులో బందా బహదూర్ వెంట సిక్కులు, మన తెలంగాణలో సర్వాయి పాపన్న. వాళ్ల ఆశయాలు వేరు, కులాలు వేరు. కానీ ఎదురుగా ఉన్నది జీతం అందని ఫౌజుదారు (స్థానిక సైనికాధికారి), ఖాళీ ఠాణా. పాపన్న 1708లో వరంగల్లు మీదే పడి దోచాడు. 1709 మొదట్లో బహదూర్ షా హైదరాబాదుకు వచ్చినప్పుడు కానుకలతో దర్బారుకు వెళ్లి ఖిలాతు (గౌరవ వస్త్రం) కూడా పుచ్చుకున్నాడు. అక్కడి పెద్దలు గగ్గోలు పెట్టడంతో పాదుషా మాట మార్చాడు. 1710లో హైదరాబాదు సుబేదారు (సుబా పాలకుడు) అతన్ని పట్టి చంపించాడు. తన సుబాలో ఎవరిని పట్టుకోవాలో, ఎవరికి శాలువా కప్పాలో కూడా తేల్చుకోలేని సర్కారు ఎలా ఉంటుందో చూడాలంటే ఈ ఒక్క కేసు చాలు. పాదుషా హైదరాబాదుకు వచ్చింది పాపన్న కోసం కాదులెండి, తమ్ముడు కాంబక్ష్‌తో తేల్చుకోవడానికి. 1709 జనవరిలో హైదరాబాదు దగ్గరే కాంబక్ష్ గాయాలతో పోయాడు. ఆ తర్వాత గద్దె మీదున్న ఏ మొఘల్ పాదుషా దక్కను ముఖం చూడలేదు.

ఇక వారసుల దగ్గరికి వద్దాం. బహదూర్ షా (1707–12) గద్దెనెక్కేసరికి అరవై దాటాయి. చేతగానివాడు కాదు, కాబూల్ సుబా ఏలినవాడు. అతని చేయి మాత్రం మహా ధారాళం: అడిగినవాడికల్లా మన్సబు, బిరుదు. ఉన్న భూమికే దిక్కులేదంటే కొత్త మన్సబులు! ఆగ్రా కోటలో తాతల నాటి నుంచి పోగైన నిధి ఆ అయిదేళ్లలో కరిగింది. 'షా-ఎ-బేఖబర్' అని వెక్కిరించారు. 1712లో లాహోరులో చనిపోతే నలుగురు కొడుకులు కొట్టుకున్నారు. జుల్ఫికార్ ఖాన్ అనే అమీరు (పెద్ద హోదా ఉన్న సర్దారు) ఎవరి పక్షాన నిలబడితే వాళ్లు గెలిచారు. గద్దె కోసం రాకుమారులు కొట్టుకోవడం మామూలే గాని, అమీరు తన వజీరు పదవి కోసం రాకుమారుణ్ణి నిలబెట్టడం అదే మొదలు. అలా వచ్చిన జహందార్ షా ఏడాది తిరక్కుండానే ఫరూఖ్‌సియార్ చేతిలో ఓడాడు. సైన్యానికి బకాయిలివ్వడానికి చివర్లో కోటలోని బంగారు, వెండి సామాను, పైకప్పులకున్న రేకులు కూడా ఊడదీసి పంచాల్సొచ్చింది. 1712 చివరి మాట ఇది. ఇరాన్ రాజు నాదిర్ షా ఢిల్లీకి రావడానికి ఇంకా 26 ఏళ్లుంది.

పరీక్షలో రాయాల్సిన అసలు పాయింటు ఇక్కడుంది. అంతకుముందు మొఘల్ రాకుమారుడు పదిహేడు పద్దెనిమిదేళ్లకే సుబేదారయ్యేవాడు. ఔరంగజేబు 1636లో దక్కను సుబేదారు, అప్పటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదు. సొంత జాగీరు, సొంత సైన్యం, సొంత దివాను ఉండేవి. అన్నదమ్ముల యుద్ధం ఎంత ఘోరమైనా, గెలిచేవాడు ఇరవై ముప్పయ్యేళ్లు పాలన నేర్చినవాడే అయ్యేవాడు. 1713 తర్వాత ఆ పద్ధతి పోయింది. రాకుమారులను కోటలో నిర్బంధించడం మొదలైంది. గద్దె ఖాళీ అయితే అమీర్లు వెళ్లి తలుపు తీసి, మెత్తగా ఉన్నవాణ్ణి చూసి తెచ్చి కూర్చోబెట్టేవారు. రెండో ఆలంగీర్ జహందార్ షా కొడుకు. తండ్రి పతనమైనప్పుడు బందీ అయ్యి, 1754లో పాదుషా అయ్యేసరికి దాదాపు నలభయ్యేళ్లు నాలుగు గోడల మధ్యే గడిపాడు. అలాంటివాణ్ణి "బలహీనుడు" అని రాసి ఊరుకుంటే ఏం తెలిసినట్టు? ఒక సుబా కాదుగదా, ఒక పరగణా నడిపే అవకాశం కూడా అతనికి ఎవరూ ఇవ్వలేదు.

1719 ఏడాదిని ఒకసారి విడిగా చూసుకోండి, తికమక పెట్టే ప్రశ్నలు ఇక్కడి నుంచే వస్తాయి. దర్బారులో పెత్తనం చేస్తున్న సయ్యద్ సోదరులు అబ్దుల్లా ఖాన్, హుసేన్ అలీ ఖాన్‌లు ఫిబ్రవరిలో ఫరూఖ్‌సియార్‌ని దించి కళ్లు తీయించారు, తర్వాత చంపించారు. రఫీ ఉద్ దరజాత్‌ని కూర్చోబెట్టారు, క్షయతో నాలుగు నెలల్లోపే పోయాడు. అన్న రఫీ ఉద్ దౌలాను పెట్టారు, సెప్టెంబరుకి అతనూ పోయాడు. ఆ తర్వాత పదిహేడేళ్ల రోషన్ అఖ్తర్, అంటే మహమ్మద్ షా. ఒక్క ఏడాదిలో నలుగురు. హుసేన్ అలీ దక్కను నుంచి ఢిల్లీకి వచ్చేటప్పుడు మరాఠా పీష్వా (ప్రధాని) బాలాజీ విశ్వనాథ్ తన సేనతో వెంట వచ్చాడు. అందుకు బదులుగా దక్కను ఆరు సుబాల మీద చౌతు (శిస్తులో నాలుగో వంతు), సర్దేశ్‌ముఖీ (మరో పదో వంతు) సనదులు, అంటే వసూలు హక్కు పత్రాలు, పుచ్చుకుని వెళ్లాడు. కొడుకు బాజీరావు తర్వాత మాళవ, గుజరాతుల దాకా విస్తరించాడంటే దానికి కాగితపు పునాది ఇదే.

మహమ్మద్ షాని (1719–48) అందరూ 'రంగీలా' అని తీసిపారేస్తారు. నాకు ఆ తీర్పు సగమే నచ్చుతుంది. గద్దెనెక్కిన ఏడాది పైచిలుకులోనే, పద్దెనిమిదేళ్ల కుర్రాడు, తనను ఎక్కించిన సయ్యదులనే వదిలించుకున్నాడు. అంతవరకు ఎవరివల్లా కాని పని అది. కానీ ఆ పని చేసిపెట్టిన అమీర్లకు ప్రతిఫలంగా సుబాలు వదులుకోవాల్సొచ్చింది. పైగా సంస్కరణ అనేసరికి వెనక్కి తగ్గాడు. 1722లో నిజాం ఉల్ ముల్క్ వజీరుగా వచ్చి, ఇజారా పద్ధతి ఆపాలని, అర్హత లేనివాళ్ల దగ్గరున్న జాగీరులు తిరిగి లెక్కగట్టి ఖాలిసా పెంచాలని, నజరానాల పేరుతో లంచాలు మానాలని పట్టుబట్టాడు. రోగం ఎక్కడుందో సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు, అందుకే దర్బారులో అందరికీ శత్రువయ్యాడు. దాదాపు రెండేళ్లు చూసి వేట నెపంతో ఢిల్లీ వదిలి దక్కను దారి పట్టాడు. అతన్ని అడ్డుకొమ్మని హైదరాబాదు సుబేదారు ముబారిజ్ ఖాన్‌ని ఢిల్లీయే ఉసిగొల్పింది. 1724 అక్టోబరు 11న బెరారులోని షకర్‌ఖేడా దగ్గర ముబారిజ్ ఖాన్ చచ్చిపోయాడు. గెలిచిన నిజాముకి అదే పాదుషా 1725లో ఆసఫ్ జా బిరుదిచ్చి దక్కను సుబేదారీ ఖాయం చేశాడు!

దీన్ని "1724లో నిజాం స్వాతంత్ర్యం ప్రకటించాడు" అని రాయకండి. ఏ ప్రకటనా లేదు. సొంత పేరుతో నాణెం కొట్టలేదు, ఖుత్బాలో (శుక్రవారం నమాజు ప్రసంగంలో) తన పేరు చదివించుకోలేదు. సుబేదారుని నియమించేదీ బదిలీ చేసేదీ ఇకపై ఢిల్లీ కాదు, అంతే తేడా. అవధ్‌లో సాదత్ ఖాన్ (1722), బెంగాలులో ముర్షీద్ కులీ ఖాన్ కూడా ఇదే బాట. అయితే ముర్షీద్ కులీ ఏటా దాదాపు కోటి రూపాయలు ఢిల్లీకి తప్పకుండా పంపేవాడు. మహమ్మద్ షా మొదటి ఇరవయ్యేళ్లు నెట్టుకొచ్చాడంటే ఆ బెంగాలు డబ్బు చలవ చాలా ఉంది.

ఇక నాదిర్ షా. 1739 ఫిబ్రవరి 24న కర్నాలులో మొఘల్ సైన్యం పూటలో ఓడింది. మార్చి 22న ఢిల్లీలో ఊచకోత. నెమలి సింహాసనం, కోహినూరు, కోట్ల రొక్కం తరలిపోయాయి. ఆ సొమ్ము చూసుకుని ఇరానులో మూడేళ్లు పన్నులే మాఫీ చేశాడు. పుస్తకాలు సింహాసనం దగ్గర ఆగిపోతాయి. నాకైతే అంతకన్నా పెద్ద దెబ్బలు రెండు కనిపిస్తాయి. కాబూలు చేజారింది, అంటే గుర్రాల దారి, వాయవ్య కాపలా రెండూ పోయాయి. తర్వాత అఫ్గాన్ రాజు అబ్దాలీ మళ్లీ మళ్లీ దిగబడ్డాడంటే అందుకే. రెండోది, బెంగాలు పైకం ఆగిపోయింది. అక్కడ 1740లో అలీవర్దీ ఖాన్ గద్దెనెక్కడం, 1742 నుంచి మరాఠాల దాడులు, పదేళ్ల గొడవ. ఇక ఢిల్లీకి మిగిలింది చుట్టుపక్కల జిల్లాలు.

జీతాలు లేని కొలువు ఎలా ఉంటుందో అహ్మద్ షా (1748–54) కాలంలో కనబడుతుంది. పెత్తనమంతా తల్లి ఉధం బాయి, అంతఃపుర ఖోజా జావేద్ ఖాన్‌లది. నెలల తరబడి జీతం అందని కోట సిపాయిలు ఒకరోజు వాకిట్లో ఒక గాడిదను, ఒక ఆడకుక్కను కట్టేసి, దర్బారుకు వచ్చే అమీర్లను ఆపి "ముందు వీళ్లకు సలాం చెయ్యండి, ఈయన నవాబు బహదూర్, ఈవిడ హజ్రత్ కుద్సియా" అన్నారు. ఆ అమీర్ల ముఖాలు ఊహించుకోవచ్చు. 1754లో నిజాం మనవడు ఇమాద్ ఉల్ ముల్క్ ఈ పాదుషా కళ్లు తీయించాడు. తర్వాత తెచ్చిన రెండో ఆలంగీర్‌ని 1759లో చంపించాడు.

మధ్యలో ఒక మాట. "ఔరంగజేబు మత విధానమే పతనానికి కారణమా?" అన్నది కూడా తప్పకుండా అడుగుతారు. 1679లో జిజియా (ముస్లిమేతరుల మీద పన్ను) విధించడం, అదే ఏడు మార్వాడ్‌తో తగాదా, నమ్మకాన్ని దెబ్బతీసిన మాట నిజం. కానీ జిజియా 1713లో రద్దయింది, 1717లో మళ్లీ వచ్చింది, 1719–20కి మళ్లీ పోయింది. జైపూర్ జైసింగ్ ఆ తర్వాత మాళవ, ఆగ్రా సుబేదారీలు చేశాడు. అయినా పతనం ఆగలేదు. పైగా సుబాలను పట్టుకుపోయినవాళ్లలో ముస్లిం అమీర్లే అయిన నిజాం, సాదత్ ఖాన్, ముర్షీద్ కులీలు ఉన్నారు. కాబట్టి దాన్ని ఒక కారణంగా రాయండి, ఏకైక కారణంగా రాయకండి.

ఇప్పుడు మీ ప్రశ్నలో రెండో సగం: డబ్బు, సైన్యం పోయాక కూడా ఇన్నేళ్లు ఎలా?

ఎందుకంటే ఆ పేరు అందరికీ పనికొచ్చేది, ఎవరికీ భారం కాదు. నవాబుకి పక్క నవాబు మీద, పీష్వాకి నిజాం మీద, కుంపిణీకి (ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి) ఫ్రెంచివాళ్ల మీద హక్కు చూపించుకోవడానికి ఒక సనదు కావాలి. అది ఇవ్వగలిగింది ఢిల్లీ ఒక్కటే. బలం లేని పాదుషా అయితే ఇంకా సుళువు, అడిగింది రాసిస్తాడు.

మన కోస్తా సంగతే తీసుకోండి, ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఉత్తర సర్కారులను 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ ఢిల్లీని అడక్కుండానే ఫ్రెంచి బుస్సీకి అప్పగించాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. నేల మీద గెలుపు ఉంది, కాగితం లేదు. 1764లో బక్సరులో ఓడిన రెండో షా ఆలం 1765 ఆగస్టులో అలహాబాదులో క్లైవుకు బెంగాల్, బీహార్, ఒరిస్సాల దివానీ (శిస్తు వసూలు హక్కు) రాసిచ్చాడు. ఏటా 26 లక్షలు, కోరా–అలహాబాదు జిల్లాలు అతనికి దక్కేలా ఒప్పందం. గాడిద బేరానికి పట్టేంత సేపు కూడా పట్టలేదని ఆనాటి పారసీ చరిత్రకారుడొకడు ఎకసెక్కమాడాడు. అదే అదనులో ఉత్తర సర్కారులకు కూడా ఫర్మానా పుచ్చుకున్నారు. అక్కడ పాదుషా పాలన నలభయ్యేళ్లుగా లేదు, అయినా దానం చేశాడు.

చిత్రం ఏమిటంటే ఆ కాగితంతోనే పని జరగలేదు. 1766లో కుంపిణీ సేనలు కొండపల్లి కోట పట్టుకున్నాయి; హైదరాబాదులో నిజాం అలీ ఖాన్ యుద్ధానికి సిద్ధమయ్యాడు. చివరికి 1766 నవంబరులో నిజాముతో వేరే ఒడంబడిక చేసుకుని ఏటా 9 లక్షలు ఇస్తామన్నారు: రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ (అంటే కొండపల్లి) సర్కారులకు 5 లక్షలు, చికాకోలుకు (అంటే శ్రీకాకుళం) 2, ముర్తజానగర్‌కు (అంటే గుంటూరు) 2. గుంటూరు నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం అతనికే వదిలేశారు, 1788లో గాని కుంపిణీ చేతికి రాలేదు. అంటే పాదుషా ఫర్మానాతో హక్కు, నిజాం ఒడంబడికతో స్వాధీనం. రెండూ కావాల్సొచ్చాయి. ఏది ఎంత విలువైనదో ఈ బేరంలోనే తెలిసిపోతుంది.

నాణేలు చూస్తే ఇంకా స్పష్టం. పాదుషా గద్దెనెక్కిన ఏడాది నుంచి లెక్కించే జులూస్ సంవత్సరం రూపాయి మీద ఉంటుంది. ఏడాది మారితే పాత రూపాయికి సరాఫులు (డబ్బు మార్చేవాళ్లు) బట్టా (తరుగు) కోసేవారు. ఈ బెడద వదిలించుకోవడానికి కుంపిణీ ఒక ఎత్తు వేసింది: బెంగాలులో షా ఆలం 19వ ఏటి దగ్గర అంకెను ఆపేసి, ఏళ్లు గడిచినా అదే అచ్చు కొట్టింది. మద్రాసు వైపు ఆర్కాటు రూపాయి మీద రెండో ఆలంగీర్ పేరు, హిజ్రీ 1172, జులూస్ 6 అని ఉంటుంది. ఆలంగీర్ 1759లోనే హతమయ్యాడు, రూపాయి మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలోనూ కొడుతూ పోయారు. పాదుషా పేరును కుంపిణీ నాణెం మీంచి తీసేసింది 1835లో, నాలుగో విలియం బొమ్మ వేసినప్పుడు. హైదరాబాదు ఇంకా ఆగింది. 1857 తర్వాత అఫ్జలుద్దౌలా కాలంలోనే పాదుషా పేరు పోయి నిజాం ఉల్ ముల్క్ ఆసఫ్ జా పేరు, 92 అంకెతో సహా వచ్చింది. ఆ అంకె మహమ్మద్ ప్రవక్త పేరులోని అక్షరాల విలువ. మీ ఇంట్లో పాత హాలీ సిక్కా (హైదరాబాదు రూపాయి) ఉంటే చూడండి, 92 ఉంటే అది 1857 తర్వాతిదే.

షా ఆలం కథ మిగతాది చకచకా. 1772లో మహాద్జీ షిండే అండతో ఢిల్లీ చేరాడు. మరాఠాల పంచన చేరాడన్న సాకుతో కుంపిణీ 26 లక్షలు ఎగ్గొట్టి, కోరా–అలహాబాదులను 50 లక్షలకు అవధ్ నవాబుకు అమ్ముకుంది. మీర్జా నజఫ్ ఖాన్ ఉన్నన్నాళ్లు, అంటే 1782 దాకా, ఢిల్లీ చుట్టూ కాస్త పట్టు తిరిగి వచ్చింది. పుస్తకాలు ఆ పదేళ్లను వదిలేస్తాయి. 1788 ఆగస్టులో రోహిల్లా గులాం ఖాదిర్ దాచిన నిధి కోసం కోట నేలలు తవ్వించి, ఏమీ దొరక్క పాదుషా కళ్లు పొడిచాడు. 1803 సెప్టెంబరులో కుంపిణీ సేనాని లేక్ ఢిల్లీ పట్టాడు. ఆ తర్వాత అంతా పింఛను లెక్కలే. రెండో అక్బర్ షా పింఛను పెంచమని అడగడానికే రామమోహన్ రాయ్‌కి రాజా బిరుదిచ్చి ఇంగ్లండు పంపాడు. పాదుషాకు నజరు (కానుక) సమర్పించడం కుంపిణీ వాళ్లు 1840లలో ఆపేశారు. బహదూర్ షా జఫర్ తర్వాత పాదుషా బిరుదే ఉండదని 1856లో తేల్చేశారు. మరుసటి ఏడు మే 11న మీరట్ సిపాయిలు నేరుగా ఎర్రకోటకే వచ్చారంటే, ఆ పేరు ఇంకా పలుకుతోందని ఇంగ్లీషువాళ్లకన్నా వాళ్లకే బాగా తెలుసు. 1858 జనవరి నుంచి మార్చి దాకా దివాన్-ఎ-ఖాస్‌లో జఫర్ మీద విచారణ జరిపి రాజద్రోహం కింద శిక్ష వేశారు. 1765 కాగితం ప్రకారం కుంపిణీయే అతని తాతకు దివాను. యజమాని మీద దివాను రాజద్రోహ నేరం మోపడం ఏ చట్టంలోదో ఆ కోర్టులో ఎవరూ అడగలేదు.

పరీక్ష కోసం జాగ్రత్తలు కొన్ని. పేర్లు రిపీటవుతాయి: మొదటి బహదూర్ షాకే షా ఆలం అని కూడా పేరు, 1765 నాటి షా ఆలం రెండోవాడు, అసలు పేరు అలీ గౌహర్. ఆలంగీర్ అంటే ఔరంగజేబు, రెండో ఆలంగీర్ 1754–59. రఫీ ఉద్ దౌలాయే రెండో షాజహాన్. 1761 జనవరి 14న పానిపట్టులో మొఘల్ పాదుషా లేడు. ఆ మర్నాడే బీహారులో షా ఆలం ఇంగ్లీషువాళ్ల చేతిలో ఓడాడు, 16న పాండిచ్చేరి పడింది.

తేదీల్లో తేడా కనిపిస్తే కంగారు పడకండి. 1752కి ముందు ఇంగ్లీషువాళ్లు పాత క్యాలెండరు వాడేవారు, 1700 తర్వాత తేడా 11 రోజులు. పైగా వాళ్ల ఏడాది మార్చి 25న మొదలయ్యేది. అందుకే ఔరంగజేబు మరణం ఒకచోట 1706 ఫిబ్రవరి 20 అని, ఇంకోచోట 1707 మార్చి 3 అని కనిపిస్తుంది. రెండూ ఒకే రోజు. మీరు మార్చి 3 రాయండి. హిజ్రీ ఏడాదిని మార్చాలంటే 0.97తో హెచ్చించి 622 కలపండి: 1172కి దాదాపు 1758–59 వస్తుంది, సంవత్సరం పట్టుకోవడానికి అది సరిపోతుంది.